గడప దాటిన ఊరు

ఆడపిల్ల పుట్టిల్లు వదిలి వెళ్లడం లోకంలో వింతేమీ కాదు. కానీ ఊరు ఊరంతా, మగవాళ్లతో సహా, ఒకే రోజున పుట్టిల్లు వదిలి వెళ్లిపోతే? స్కాట్లాండుకు పడమటగా, నడిసముద్రంలో ఉన్న సెయింట్ కిల్డా దీవుల్లో 1930 ఆగస్టు 29న అదే జరిగింది.

హిర్టా, సోయ్, బోరెరే, డూన్ - ఇవీ ఆ దీవులు. జనం ఏడాది పొడుగునా కాపురమున్నది హిర్టాలోనే. దగ్గరి పెద్ద దీవి నార్త్ యూయిస్ట్‌కు సుమారు 64 కిలోమీటర్లు. చెట్టన్నది లేదు. ఎటుచూసినా నిట్టనిలువు కొండచరియలు. కొనాచెయిర్ శిఖరం ఎత్తు 430 మీటర్లు. మగవాళ్లు నడుముకు తాళ్లు కట్టుకుని దిగి సముద్రపక్షుల్ని పట్టేవారు. తిండికి ఆ మాంసం, దీపానికి ఆ నూనె, భూస్వామికి శిస్తుగా ఆ ఈకలు! రోజూ పొద్దున మగవాళ్లంతా వీధిలో చేరి ఇవాళేం పని చేద్దామని చర్చించేవారు. దానికి 'పార్లమెంటు' అని పేరు. ఆ చర్చలో ఆడవాళ్లకు చోటు లేదు. వాళ్లకు పాలు పితకడం, బరువులు మోయడం ఉండనే ఉన్నాయి. ఇది మనకు కొత్త సంగతా, చెప్పండి?

ఎడిన్‌బరోలో లేడీ గ్రాంజ్ అనే ఇల్లాలు ఉండేది. మొగుడి రాజకీయ రహస్యాలు బయటపెడతానని బెదిరించిందట. 1732లో ఆమెను ఎత్తుకుపోయి, 1734 నుంచి 1740 దాకా హిర్టాలో దాచారు. భాష తెలియని చోట, కాగితం ముక్క కోసం తపించింది పాపం. 1745లో స్కై దీవిలో, బందీగానే కన్నుమూసింది. భార్యను మాయం చేయడానికి అంతకన్నా దూరపు చోటు దొరకలేదు కాబోలు!

పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ పుట్టిన పసికందుల్లో సగానికి పైగా ధనుర్వాతంతో పోయేవారు. పురుడు పోసుకున్న ఏ తల్లికైనా ఆ వారం పది రోజులూ ఎలా గడిచేవో తెలుస్తుంది. దేవుడి చిత్తమని ఊరుకున్న వాళ్ల మధ్యకు ఆంగస్ ఫిడిస్ అనే మతాచార్యుడు వచ్చాడు. గ్లాస్గో వెళ్లి శుభ్రత పద్ధతులు నేర్చుకుని, వచ్చి అమలు చేశాడు. 1890ల్లో ఆ చావులు ఆగాయి.

పిల్లలు బతికారు, కానీ ఊరు నిలవలేదు. అంతకుముందే 1852లో 36 మంది ఆస్ట్రేలియాకు ఓడెక్కారు. చాలామంది దారిలోనే పోయారు. తరవాత పడుచువాళ్లు ఒక్కొక్కరే బయటి ప్రపంచానికి వెళ్లిపోయారు. 1930 తొలినాళ్లలో మేరీ గిల్లీస్ అనే గర్భిణి జబ్బు పడితే, తీసుకెళ్లే ఓడ కోసం రోజులు ఎదురుచూడాల్సి వచ్చింది. చివరికి గ్లాస్గో ఆస్పత్రిలో మరణించింది. నర్సు విలియమినా బార్‌క్లే నచ్చజెప్పగా, మమ్మల్ని తీసుకెళ్లండని మే 10న ఊరివాళ్లు ప్రభుత్వానికి అర్జీ రాశారు.

మిగిలింది 36 మందే. ప్రతి ఇంట్లో బైబిలు తెరిచిపెట్టి, పక్కన గుప్పెడు ఓట్లు పోసి, తలుపులు వేసి ఓడెక్కారట. గింజలు ఎవరికోసం? మళ్లీ వస్తామనా, ఇల్లు బోసిపోకూడదనా?

ఎనిమిదేళ్ల వయసులో ఆ ఓడెక్కిన రేచెల్ జాన్సన్ 2016లో, 93వ ఏట పోయింది. ఆ దీవిలో పుట్టినవాళ్లలో ఆఖరి మనిషి ఆవిడే. ఇప్పుడక్కడ పక్షులున్నాయి, గొర్రెలున్నాయి, పైకప్పుల్లేని ఇళ్లున్నాయి. చూడ్డానికి యాత్రికులు వెళుతుంటారు. నేనైతే ఆ గడపల దగ్గర ఓ నిమిషం ఎక్కువే నిలబడతాను.