లక్ష్మణ్ లేని ఉప్పల్

2008 వేసవిలో మాకు స్కోరు టీవీ కన్నా ముందు గాలే చెప్పేది. రామంతాపూర్‌లో మా అద్దె ఇంటి మేడ ఎక్కితే ఉప్పల్ స్టేడియం ఫ్లడ్‌లైట్ల వెలుగు ఆకాశం ఓ మూలంతా పరుచుకుని కనిపించేది. కింద గదిలో సెట్ మ్యాక్స్ ఛానల్లో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే బయట హోరు లేచేది. శాటిలైట్ చుట్టూ తిరిగొచ్చే బొమ్మ కన్నా జనం గొంతులే మా వీధికి ముందు చేరేవి. పిట్టగోడ మీంచి వంగి, "పోయింది, పోయింది! ఫోరో సిక్సో!" అని మేం అరిస్తే, కిందివాళ్లు టీవీలో ఆ బంతి కోసం ఎదురుచూసేవాళ్లు. బంతి పడి ఉంటుందనుకున్న క్షణంలో ఏ చప్పుడూ లేకపోతే మనవాడు అవుటైనట్టు. ఆ ఏడాది చప్పుడు లేని ఘడియలే ఎక్కువ.

ఐపీఎల్ మొదటి సీజన్ అది. మా హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ ఎనిమిది జట్లలో అట్టడుగున నిలిచింది. పద్నాలుగు మ్యాచ్‌లలో గెలిచినవి రెండే. ఆ రెండూ బయట ఊళ్లలోనే, ఒకటి నవీ ముంబైలో, ఇంకొకటి చెన్నైలో. ఉప్పల్‌లో ఆడిన ప్రతి మ్యాచూ ఓడిపోయారు. అయినా మా గల్లీలో పిల్లలెవరూ వేరే జట్టు పేరెత్తలేదు. ఎందుకంటే కెప్టెన్ లక్ష్మణ్.

మా నాన్నకు లక్ష్మణ్ అంటే 2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్, 281 పరుగులు. ఫాలో ఆన్ ఆడుతూ ద్రావిడ్‌తో కలిసి జోడించిన 376. నాచారంలో డ్యూటీ దిగి వచ్చి స్నానం కూడా చేయకుండా ఆ కథ చెప్పమంటే చెప్పేవాడు. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని మణికట్టు తిప్పి మిడ్‌వికెట్ వైపు ఎలా పంపాడో అన్నం కలిపే చేత్తోనే చూపించేవాడు. అజారుద్దీన్ తర్వాత ఆ మణికట్టు మన ఊరికే దక్కిందని ఆయన నమ్మకం.

ఆయనే నన్ను ఏప్రిల్ 24న రాజస్థాన్ రాయల్స్ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. పగలంతా ఎండకు కాగిన సిమెంటు మెట్లు రాత్రి ఎనిమిదైనా వేడిగానే ఉన్నాయి. సైమండ్స్ 117 కొట్టి అవుట్ కాకుండా నిలిచాడు. మనవాళ్లు 214 చేశారు. ఇంక గెలిచేసినట్టే అనుకున్నాం. యూసుఫ్ పఠాన్ వచ్చి ఆ ధీమాని కొంత తీశాడు, గ్రేమ్ స్మిత్ ఇంకొంత తీశాడు. చివరి ఓవర్లో 17 కావాలి. బంతి సైమండ్స్ చేతికే వెళ్లింది. షేన్ వార్న్ రెండు సిక్సర్లు బాది, ఒక బంతి మిగిలుండగానే ముగించేశాడు. ఏడుపు దిగమింగుకుంటూ ఉప్పల్ రోడ్డు వెంట జనంతో పాటు నడుస్తుంటే నాన్న నా మెడ మీద చెయ్యేసి, "ఓడిన్రు గని, మనోళ్లే గద బిడ్డా" అన్నాడు. నాకు ఆ మాట అప్పుడు ఓదార్పు. ఇప్పుడు తలుచుకుంటే, ఒక జట్టు ఒక ఊళ్లో సంపాదించుకోగలిగింది అంతకన్నా ఏముందనిపిస్తుంది.

ఆ 'మనోళ్లే' అన్న మాట వెనక లక్ష్మణ్ చేసిన పని ఒకటుంది. మొదటి వేలానికి ముందు సచిన్, గంగూలీ, ద్రావిడ్ లాంటి వాళ్లకు వాళ్ల ఊళ్ల జట్లలో 'ఐకాన్' హోదా ఇచ్చారు. జట్టులో అందరికన్నా ఖరీదైన ఆటగాడి కంటే ఐకాన్‌కు 15 శాతం ఎక్కువ చెల్లించాలి. హైదరాబాద్‌కు ఆ హోదా లక్ష్మణ్‌దే. ఆయన వద్దన్నాడు. మొత్తం 50 లక్షల డాలర్ల సంచిలోంచి తన వాటా తగ్గితే మంచి ఆటగాళ్లను కొనుక్కోవచ్చని. సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లు పోసి తేగలిగారంటే అందులో ఆ త్యాగం కూడా ఉంది. విధేయత గురించి మాట్లాడేటప్పుడు ఆటగాడు జట్టును వదలకూడదని ఒకరంటే, జట్టు ఆటగాణ్ణి వదలకూడదని ఇంకొకరంటారు. ఇక్కడ ముందుగా ఇచ్చింది ఎవరో మా నాన్న ఎప్పుడూ మరచిపోలేదు.

2009లో కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్‌కు ఇచ్చారు. ఈడెన్‌లో లక్ష్మణ్ 281 కొట్టిన ఆ టెస్టులోనే రెండు ఇన్నింగ్స్‌లోనూ తొలి బంతికే సున్నాకు వెనుదిరిగినవాడు గిల్‌క్రిస్ట్. ఎన్నికల వల్ల ఐపీఎల్ దక్షిణాఫ్రికాకు వెళ్లిపోయింది. లక్ష్మణ్ కొన్ని మ్యాచ్‌లాడి తుది జట్టులో చోటు కోల్పోయాడు. నాన్న అలిగాడు గానీ టీవీ ముందు నుంచి లేవలేదు. సెమీస్‌లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాక అలక కూడా కరిగిపోయింది. మే 24న జోహానెస్‌బర్గ్‌లో ఫైనల్. కుంబ్లే మొదటి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్‌ను సున్నాకు పంపాడు. గిబ్స్ నిలబడి 53 చేస్తే 143 వరకు వచ్చాం. చివరి ఓవర్లో బెంగళూరుకు 15 కావాలి. ఆర్పీ సింగ్ ఆపేశాడు. ఆరు పరుగులతో కప్పు మనది. ఆ పదకొండు మందిలో తిరుమలశెట్టి సుమన్ ఉన్నాడు, విశాఖ వేణుగోపాలరావు ఉన్నాడు. లక్ష్మణ్ లేడు.

ఆ నిర్ణయం సరైనదే. ఇరవై ఓవర్ల ఆటలో లక్ష్మణ్ వేగం సరిపోలేదు, గిల్‌క్రిస్ట్ నడిపిన తీరు కళ్లముందే ఉంది. పెద్ద పేరుకు చోటు కట్టబెట్టి కప్పు పోగొట్టుకోమని ఏ అభిమానీ అడగడు. మా నాన్న కూడా అడగలేదు. తుది జట్టు నుంచి తప్పించడం ఒక సంగతి, బంధం తెంచుకోవడం ఇంకొక సంగతి. ఈ తేడా నాకు టీవీలో కాదు, మా గల్లీలోనే తెలిసింది.

మా గల్లీ టీముకు కెప్టెన్ ఇంటర్ చదివే అన్న. వికెట్లు, ఒక బ్యాటు మా తోటి పిల్లవాడొకడివి. మేం ఆడేది వాళ్లింటి ముందు ఖాళీ ప్లాటులో. దాహమేస్తే నీళ్లిచ్చేది వాళ్లమ్మ. వాడికి బ్యాటింగ్ రాదు, క్యాచ్ వస్తే కళ్లు మూసుకునేవాడు. ఒక ఆదివారం హబ్సిగూడ పిల్లలతో బెట్ మ్యాచ్ కుదిరింది, ఓడినవాళ్లు కొత్త కాస్కో బంతుల డబ్బా కొనివ్వాలి. అన్న బయటి నుంచి గట్టి బౌలర్‌ను తెచ్చాడు. ఎవరో ఒకరు పోవాలి, ఎవరో అందరికీ తెలుసు. శనివారం సాయంత్రం అన్న వాళ్లింటికి వెళ్లాడు. వెంట నేనూ ఉన్నాను. గడప దగ్గరే నిలబడి, "తమ్మీ, రేపు నిన్ను ఆడిస్తలేను. పిలగాళ్ల ముంగట చెప్పబుద్ధి కాలే, అందుకే ఇంటికొచ్చిన. కని నువ్వు రావాలె. మనోళ్ల స్కోరు నువ్వే రాయాలె" అన్నాడు. వాడు తల దించుకుని సరే అన్నాడు. వాళ్లమ్మ లోపల్నుంచి వింటూనే ఉంది.

మర్నాడు వాడు నోట్‌బుక్కూ పెన్సిలూ పట్టుకుని వచ్చాడు. ఓడిపోయాం, అది వేరే విషయం. వచ్చే వారం వాడు మళ్లీ మాతోనే ఉన్నాడు, వికెట్లు కూడా వాడివే. అన్న ఆ గడప ఎక్కకపోయి ఉంటే మాకు జట్టు ఉండేది కాదు, ప్లాటూ ఉండేది కాదు.

2010లో ఫ్లడ్‌లైట్లు వెలగలేదు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఉస్మానియా మాకు దగ్గరే, బడులకు సెలవుల మీద సెలవులు. చార్జర్స్ సొంత మ్యాచ్‌లన్నీ నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు తరలిపోయాయి. మేడ ఎక్కి చూస్తే తూర్పున చీకటి. అయినా సెమీస్ దాకా వెళ్లారు, ఓఝా అందరికన్నా ఎక్కువ వికెట్లు తీశాడు. జట్టు ఎక్కడ ఆడినా ఆ పేర్లన్నీ మావే కదా, రోహిత్, సైమండ్స్, గిల్‌క్రిస్ట్, ఓఝా, సుమన్. ఆ పేర్లతోనే మేం గల్లీలో ఆడేవాళ్లం.

ఆ పేర్లు 2011 జనవరిలో చెదిరిపోయాయి. అన్ని జట్లూ మళ్లీ వేలానికి వెళ్లాలి. కావాలంటే నలుగురిని అట్టిపెట్టుకోవచ్చు. మొదటివాడికి 18 లక్షల డాలర్లు, రెండోవాడికి 13, తర్వాత 9, 5. నలుగురినీ ఉంచుకుంటే 90 లక్షల సంచిలో సగం ఖాళీ. చెన్నై ధోనీ, రైనా, విజయ్, మోర్కెల్‌ను ఉంచుకుంది. ముంబై సచిన్, హర్భజన్, మలింగ, పొలార్డ్‌ను ఉంచుకుంది. డెక్కన్ చార్జర్స్ ఒక్కరినీ ఉంచుకోలేదు. సంచి నిండుగా పట్టుకుని బెంగళూరు వేలానికి వెళ్లింది.

గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు పోయాడు. సైమండ్స్ ముంబైకి. ఆర్పీ సింగ్ కొచ్చికి. లక్ష్మణ్ కూడా కొచ్చికే, 4 లక్షల డాలర్లకు. ఓఝాను తిరిగి కొనుక్కున్నారు, స్టెయిన్‌ను కొత్తగా తెచ్చారు, సంగక్కరను కొత్తగా తెచ్చి కెప్టెన్ చేశారు. నాన్న మర్నాడు పేపర్లో ఆ జాబితా చదివి మడతపెట్టి, "ఇగ మనకేం పని" అన్నాడు. అంతే.

అందరూ దాన్ని గుండె కన్నా లెక్క గెలిచిన సందర్భంగా చెప్పుకుంటారు. నాకు ఆ లెక్క మీదే కోపం. రోహిత్ శర్మకు అప్పుడు ఇరవై మూడేళ్లు, చార్జర్స్‌తో మూడు సీజన్లు పెరిగినవాడు. ఆ వేలంలో ముంబై అతనికి 20 లక్షల డాలర్లు పెట్టింది. అతను ఒప్పుకుంటే 18 లక్షలకే ఇక్కడ ఉంచుకోవచ్చు. గుండె మాట వినకపోయినా సరే, కూడికలు సరిగ్గా వేసి ఉన్నా అతను మిగిలేవాడు. కఠినంగా ఉండటమే తెలివి అనుకునేవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఇది. చేతిలో ఉన్నదాని ధర వాళ్లకు తెలియదు, ఎందుకంటే దాన్ని ఎన్నడూ వేలంలో చూడలేదు.

కోల్‌కతా కూడా అప్పుడే గంగూలీని వదిలేసింది. ఆ ఊరు భగ్గుమంది. గంభీర్ వచ్చి 2012లో, 2014లో కప్పులు తెచ్చాడు. కాబట్టి పాతవాళ్లను వదిలిన ప్రతి జట్టూ చెడిపోతుందని నేననను. కోల్‌కతా ఒక గట్టి కెప్టెన్‌ను తెచ్చి ఏళ్ల తరబడి అతని మీదే నిలబడింది. మాకు మాత్రం ఏటా కొత్త ముఖాలు. 2011లో మ్యాచ్‌లు ఉప్పల్‌కు తిరిగొచ్చాయి, లైట్లూ వెలిగాయి. మేడ మీదికి మాత్రం పిల్లలు సరిగా రాలేదు.

2012 ఏప్రిల్ 9న విశాఖలో చార్జర్స్, ముంబై ఆడాయి. చివరి బంతికి డాన్ క్రిస్టియన్‌ను సిక్సర్ కొట్టి రోహిత్ ముంబైని గెలిపించాడు. అది వాళ్లమ్మ పుట్టిన ఊరు. మా గదిలో పిల్లలంతా చప్పట్లు కొట్టారు, ఎవరికి కొడుతున్నామో ఎవరూ అడగలేదు. నాన్న అటువైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఆగస్టు 18న లక్ష్మణ్ టెస్టుల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. న్యూజిలాండ్‌తో టెస్టుకు అప్పటికే ఎంపికై ఉన్నాడు. మొదటి టెస్టు ఉప్పల్‌లోనే, అయిదు రోజుల్లో. సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ ఆడి వీడ్కోలు తీసుకోమని చాలామంది అడిగినా వినలేదు. సెప్టెంబర్‌లో అప్పుల్లో మునిగిన చార్జర్స్‌ను అమ్మకానికి పెడితే పీవీపీ సంస్థ 900 కోట్లు ఇస్తానంది, యాజమాన్యం కాదంది, ఆ వెంటనే బీసీసీఐ ఒప్పందం రద్దు చేసింది. మూడేళ్ల కిందట కప్పు గెలిచిన జట్టు పోయిందంటే మా గల్లీలో ఎవరూ ఒక పూట కూడా మాట్లాడుకోలేదు. మాకు కావలసినవాళ్లు అంతకు ముందే వెళ్లిపోయారు. చెన్నై జట్టును 2016, 2017లలో నిషేధిస్తే రెండేళ్లు వేచి ఉండి, మ్యాచ్‌లు పుణెకు తరలిస్తే రైలెక్కి మరీ వెళ్లారు ఆ ఊరి జనం. ధోనీ, రైనా మళ్లీ అక్కడికే తిరిగొచ్చారు కదా.

2013లో సన్‌రైజర్స్ పేరుతో కొత్త జట్టు వచ్చింది. లక్ష్మణ్‌ను మెంటార్‌గా తెచ్చుకున్నారు. డగౌట్‌లో ఆయన ముఖం కనిపించగానే నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మూడేళ్లలో వార్నర్ కెప్టెన్సీలో కప్పు కూడా వచ్చింది. 2021 మే ఒకటిన వార్నర్ కెప్టెన్సీ తీసేశారు, మర్నాడు తుది జట్టులోనూ లేడు. ఫామ్ పోయింది, నిజమే. జట్టు వరసగా ఓడుతోంది, అదీ నిజమే. ఆ సీజన్ చివర్లో దుబాయ్‌లో అతను ప్రేక్షకుల మధ్య కూర్చుని సన్‌రైజర్స్ జెండా ఊపుతుంటే నాకు నోట్‌బుక్ పట్టుకుని వచ్చిన మా గల్లీ పిల్లవాడు గుర్తొచ్చాడు. వార్నర్ గడప ఎవరైనా ఎక్కారా అని అడగాలనిపించింది.

మరుసటి ఏడాది మే అయిదున వార్నర్ ఢిల్లీ తరఫున హైదరాబాద్ మీద 92 కొట్టి అవుట్ కాకుండా నిలిచాడు. మేం ఓడిపోయాం. ఒక్కో షాటుకీ నాన్న "కొట్టు బిడ్డా" అంటూనే ఉన్నాడు, నేనూ ఆపలేదు.