సీటు కాస్త పైకెత్తండి

నెల్లిమర్ల నుంచి రామతీర్థం వైపు సైకిళ్ల మీదొచ్చే కుర్రాళ్లవి చాలామటుకు సీట్లు కిందికే ఉంటాయి. మోకాళ్లు పూర్తిగా చాపుకోక, బోడికొండ దగ్గరికొచ్చేసరికే తొడలు పట్టేస్తాయి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా రావాలి. ఇంచుమించు అదీ సరైన ఎత్తు.

కొండదారుల్లో తొక్కే సైకిళ్లకి డ్రాపర్ పోస్టులుంటాయి. హ్యాండిల్ మీద మీట నొక్కి బరువేస్తే సీటు దిగుతుంది, లేచి మళ్లీ నొక్కితే పైకొస్తుంది. ఏటవాలు దిగేవాళ్లకి భలే సుఖం. మన తారు రోడ్డుకి మాత్రం దండగ ఖర్చు!

ఇంటిల్లిపాదికీ ఒకటే సైకిలైతే, చేత్తో తిప్పే క్విక్ రిలీజ్ బిగింపు వేయించుకోండి. లేదంటే స్పానర్ చాలు. సీటు గొట్టం మీదున్న గీత బయటికి కనిపించేంత పైకి మాత్రం లాగకండర్రా, విరుగుతుంది.