అంగడికి పోగలడా?

కనుమనాడు కాకి కూడా కదలదని మా అమ్మ చెపుతూనే వున్నది. మా తమ్ముడు వింటేనా! 2020 జనవరి 16వ తేదీ, కనుమ పొద్దున, హోసూరులో మా యింటినుంచి స్కూటరెక్కి బెంగుళూరు బయలుదేరాడు. హెల్మెట్టు మేకుకు వేలాడుతూనే వున్నది. అత్తిబెలె దాటిన తరువాత వెనుకనుంచి వ్యాను తగిలి పడ్డాడు. నేను ఆస్పత్రికి చేరేసరికి వాడికి స్మారకం లేదు.

అక్కడ ఒక అమ్మాయి కాగితాలు పట్టుకుని నా పక్కన వచ్చి కూచున్నది. పరిశోధన విభాగంలో పని చేస్తున్నదట. తలకు దెబ్బ తగిలినవారు ఆరునెలల తరువాత ఎలా వున్నారో లెక్క కడుతున్నారట. రోగికి తెలివి లేదు గనుక అన్నగా నేను సంతకం పెట్టాలి. "వైద్యంలో మార్పేమీ వుండదు సార్, యిష్టం లేకపోతే మానెయ్యవచ్చు" అని తెలుగూ కన్నడమూ కలిపి ఓపికగా చెప్పింది. పెట్టాను. జులై 16న తీసుకురమ్మన్నారు.

తరువాతి కథ మీకందరికీ తెలిసినదే. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అన్నది. 25నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఢిల్లీలో ఎయిమ్స్ వారి ట్రామా సెంటరునే కోవిడ్ ఆస్పత్రిగా మార్చి, దెబ్బలు తగిలినవారిని ప్రధాన ఆస్పత్రికి మళ్ళించారు. బ్రిటన్‌లో కోవిడ్‌కు సంబంధించని పరిశోధనలు చాలావరకు ఆపివేశారు. మాచేత సంతకం పెట్టించిన అమ్మాయిని కూడా కోవిడ్ వార్డుకు పంపారట. కొత్తవారిని లెక్కలో చేర్చుకోవడం నిలిచిపోయింది. చుట్టాలను లోపలికి రానివ్వనప్పుడు సంతకం పెట్టేదెవరు?

జులై వచ్చింది. రాష్ట్రపు హద్దు దాటాలంటే పాసు కావాలి. పైగా 14 రాత్రినుంచి 22 తెల్లవారుదాకా బెంగుళూరు మళ్ళీ మూతపడింది. మా తారీఖు సరిగ్గా ఆ నడుమనే పడింది. ఆ రోజున ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"సార్, తమ్ముడుగారు తనంతట తాను అంగడికి పోయి సరుకులు తేగలరా?"

"మా వీధిలో యెవరు పోతున్నారమ్మా!"

"ఒంటరిగా బస్సెక్కి పోగలరా?"

"బస్సులెక్కడివి?"

"పనికి పోతున్నారా?"

"వాడు పెళ్ళిళ్ళకు షామియానాలు వేసేవాడు. పెళ్ళిళ్ళేవీ?"

"స్నేహితులను మునుపటివలె కలుస్తున్నారా?"

"యెవరు యెవరిని కలుస్తున్నారు తల్లీ!"

ఆ పిల్ల కాసేపు ఆగి, "దెబ్బవల్ల లోటేమీ లేదంటారా?" అన్నది. లేదన్నాను.

అది అబద్ధం. వాడు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ నడుమ ఆగిపోతున్నాడు. ఏనాడూ గొంతెత్తనివాడు పిల్లల మీద ఊరికే అరుస్తున్నాడు. పెద్దపిల్లకు సంబంధాలు చూస్తున్నాము. తండ్రికి తల సరిగా లేదంటే యెవరు వస్తారని నా భయం. నిజం చెప్పాలంటే లాక్‌డౌన్ మాకు మంచి తలుపుచాటు అయింది. అందరూ యింట్లోనే కూచున్నప్పుడు వాడొక్కడు కూచోవడం యెవరి కంటబడుతుంది? ఆస్పత్రికి పోయివుంటే డాక్టరు ఎదుట నాలుగు మాటలకే బయటపడేది.

ఆ రాత్రి మా మరదలు వంటింటి గడపలో నిలబడి, "బావగారూ, ఆయన బాగున్నాడని మీరే చెపితే, ఆయనకిక వైద్యం యెవరు చేస్తారు?" అన్నది. నాకు జవాబు లేదు.

మరునాడు నేనే ఫోను చేసి వున్నది వున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. "ఇప్పుడు పోతున్నారా అని కాదు సార్, అంగళ్ళు తెరిచివుంటే పోగలరా అని మా ప్రశ్న. రోగం చేసిన చెరుపు వేరు, దెబ్బ చేసిన చెరుపు వేరు. ఆ రెండూ కలిసిపోతే మా లెక్క అంతా వృథా" అన్నది. వారి కొలతకు ఎనిమిది మెట్లట. చావు మొదటి మెట్టు, పూర్తిగా కోలుకోవడం ఎనిమిదవది. అంగడికి పోగలడా అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో మనిషి మెట్టు మారిపోతుందట. "ఎదుట చూడలేము గనుక మీ మాటే మాకు కన్ను" అన్నది.

లెక్కకు యింత పట్టింపు యెందుకని అడిగాను. ఒక సంగతి చెప్పింది. తలకు దెబ్బ తగిలితే మెదడు వాపు తగ్గుతుందని యేండ్ల తరబడి స్టెరాయిడ్లు యిస్తూ వచ్చారు. 10,008 మందిని పరీక్షించి 2004లో ఫలితం ప్రకటిస్తే తేలినదేమి? మందు యిచ్చినవారిలో రెండు వారాల లోపల నూటికి 21 మంది, యివ్వనివారిలో 18 మంది చనిపోయారు. మేలనుకున్నది కీడు చేసింది. ఆ జాతి మందే డెక్సామెథసోన్. వెంటిలేటరు మీదవున్న కోవిడ్ రోగులలో అది చావులను మూడోవంతు తగ్గించిందని 2020 జూన్ 16న బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. అదీ లెక్కపెట్టే తెలుసుకున్నారు. మహమ్మారి ఒక లెక్కను పరుగెత్తించింది, వేరొక లెక్కను నడిరోడ్డు మీద వదిలింది.

తరువాత ఆ అమ్మాయే డాక్టరుగారితో ఫోనులో మాట్లాడించింది. జ్ఞాపకానికి అభ్యాసాలు చెప్పారు. వాడిప్పుడు అంగడికి పోతున్నాడు, చొక్కా జేబులో చీటీ పెట్టుకుని. ఒక్కొక్కప్పుడు చీటీ వున్నదన్న సంగతే మరిచిపోయి ఉప్పు లేకుండా వస్తాడు. పెళ్ళివారికి కూడా దాచకుండా చెప్పాము. ఒక సంబంధం పోయింది, మరొకటి కుదిరింది.

మన యిండ్లలో జబ్బు సంగతి నలుగురికీ తెలియకుండా దాచడం గౌరవమనుకుంటాము. నలుగురి దగ్గర దాచుకోండి, తప్పులేదు. కాని ఆస్పత్రినుంచి అటువంటి ఫోను వస్తే మాత్రం దాచకండి. మీ జవాబు ఆధారంగా రేపు యెవరి బిడ్డకో వైద్యం చేస్తారు.

ఇక మా యింట్లో హెల్మెట్టు వేలాడిన మేకును నేనే పీకేశాను. దాని చోటు నెత్తిన గాని గోడన కాదు.