కరెంటు బండిలో బరంపురము

డబ్బాలోని బియ్యము ఇంకెన్ని దినములకు వచ్చునో మూత తీయకుండగనే చెప్పగల గృహిణులు మనలో పెక్కురు కలరు. చుట్టములు వత్తురన్న కబురు వచ్చినంతనే ఉప్పు, పప్పు, చింతపండు లెక్క చూచుకొనుట మనకు తల్లులవలన వచ్చిన విద్య. అట్టి విద్య గలిగియు మేము, కరెంటుతో నడచు కారులో కూర్చుండి, దారికి చాలినంత బత్తెము కలదో లేదో చూచుకొనక, గడచిన మాఘమాసమున నొక రాత్రి పలాస దాపున చిక్కుపడితిమి. ఆ రాత్రి మేము నేర్చుకొన్నది దాచుకొనక చెప్పుట మంచిదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కాపురము విజయనగరము. రెండేండ్ల క్రిందట మా యింట కరెంటు కారు కొంటిమి. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. కారెక్కినంతనే కడుపులో త్రిప్పుచున్నదని చెప్పు మా అత్తగారికి సైతము ఆ బాధ తీరినది. రాత్రి భోజనములైన పిదప, వేడినీళ్ల గీజరునకు వాడునట్టి 15 ఆంపియర్ల పెద్ద ప్లగ్గునకు తగిలించి పండుకొన్నచో తెల్లవారునప్పటికి నిండియుండును. దాని బ్యాటరీలో సుమారు 30 యూనిట్ల విద్యుత్తు పట్టును. ఈ యూనిట్టు వేరేమియు గాదు. నెలనెల మనకు వచ్చు కరెంటు బిల్లులోని యూనిట్టే. ఊరిలో తిరుగునప్పుడు యూనిట్టునకు ఏడు కిలోమీటర్లు వచ్చుచుండెను. బడికి, బజారునకు, పైడితల్లి అమ్మవారి గుడికి తిరుగుటకు వారమునకు రెండు మారులు నింపిన చాలును. ఇట్లుండగా దూరమను మాట మా తలపునకే రాలేదు.

మా ఆడబిడ్డను బరంపురములో నొక తెలుగువారింట ఇచ్చినారు. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమగువరకు ఆ పట్టణము మన మదరాసు రాజధానిలోనిదే. ఎల్లలు మారినను చుట్టరికములు మారలేదు. నేటికిని శ్రీకాకుళ, విజయనగర సీమలవారు అక్కడికి పిల్లనిచ్చుటయు, అక్కడనుండి తెచ్చుకొనుటయు కలదు. మా ఆడబిడ్డ కూతురి పెండ్లికి తెల్లవారుజామున 4 గంటలు దాటిన పిదప ముహూర్తము. పెండ్లికూతును గంపలో కూర్చుండబెట్టి మండపమునకు తీసికొనిపోవలసిన మేనమామ మావారే. వారికి పని మూలమున ముందుగా సెలవు దొరకలేదు. అత్తగారు మోకాళ్ల నొప్పులచే స్టేషనులోని వంతెన మెట్లెక్కలేరు గావున రైలు మాట విడిచి, ముందునాటి సాయంకాలము కారులో బయలుదేరుటకు నిశ్చయించుకొంటిమి.

మా లెక్క యిట్లుండెను. విజయనగరమునుండి బరంపురమునకు రెండువందల ఇరువది కిలోమీటర్ల చిల్లర. పలాసవరకు సుమారు 150. ముప్పది యూనిట్లు ఏడుచొప్పున 210 కిలోమీటర్లు వచ్చును గనుక పలాస దాపునకు పావువంతు మిగులుతో చేరుదుము. అచ్చట హోటలువద్ద నున్న చార్జింగు యంత్రమున నొక గంటసేపు నింపుకొని, ఆ లోపల భోజనము ముగించి, పది గంటలకెల్ల బరంపురము చేరవచ్చును. కాగితముమీద ఈ లెక్కలో తప్పు లేదు. తప్పంతయు రహదారిమీదనే పుట్టినది.

నాతవలస వద్ద పెద్ద రహదారి నెక్కునప్పటికే ప్రొద్దు క్రుంకుచుండెను. ఆలస్యమగుచున్నదని మావారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున నడపిరి. నలుగురు మనుష్యులము, పెండ్లి సామాను, మిఠాయి బుట్టలు, లోపల చల్లని గాలి యంత్రము. శ్రీకాకుళమున నాగావళి దాటునప్పటికి నిండుకుండవలె బయలుదేరిన బ్యాటరీ నూటికి అరువదికి దిగినది. అచ్చట ఆగి నింపుకొందమా యని మేమనగా, "పలాసలో ఎట్లును నింపుదము గదా" యని మావారనిరి. మేమును సరే యంటిమి. వంశధార దాటితిమి, టెక్కలివద్ద ఇరువది యెనిమిది, పలాస చేరునప్పటికి పదే పది. యూనిట్టునకు ఏడు వచ్చునది ఐదున్నరకు పడిపోయినది.

ఇందుకు కారణము తరువాత తెలిసికొంటిమి. పెట్రోలు బండి ఊరి రద్దీలో ఎక్కువ త్రాగి, పెద్ద రహదారిలో తక్కువ త్రాగును. కరెంటు బండి తీరు దీనికి తలక్రిందు. ఊరిలో మాటిమాటికి వేగము తగ్గించునప్పుడెల్ల దాని మోటారు కొంత విద్యుత్తును మరల బ్యాటరీలోనికి చేర్చును. రహదారిలో ఆ రాబడి యుండదు. పైగా ఎదురుగాలి ఒత్తిడి వేగముతోపాటు కాక, వేగము వర్గముగా పెరుగును. 80 కిలోమీటర్ల వేగమునకు గాలి ఎంత అడ్డగించునో, 100 కిలోమీటర్ల వేగమునకు దానికి ఒకటిన్నర రెట్లు అడ్డగించును. అమ్మకపువారి కాగితములో 300 కిలోమీటర్లకు పైగా వ్రాసియుండుట నిజమే. కాని అది పరీక్షశాలలో, ఉరుళ్లమీద, తక్కువ వేగమున, చల్లని గాలి యంత్రము లేక త్రిప్పి చూచిన లెక్క. దానిని నమ్మి ప్రయాణము కట్టుట, వంటపుస్తకములోని కొలత నమ్మి పదుగురికి అన్నము వండుట వంటిది.

హోటలువద్దకు పోయి చూతుము గదా, చార్జింగు యంత్రము చీకటిలో నిలిచియున్నది. దాని తెర వెలుగుట లేదు. సెల్లుఫోనులో మాత్రము అది సిద్ధముగా నున్నట్లే చూపుచుండెను. హోటలు మూసివేసినారు. అచ్చటనున్న కుఱ్ఱవాడు, "రెండు దినములనుండి అది పనిచేయుట లేదండి" యని చెప్పి తన దారిని పోయెను. తరువాతి యంత్రము ఇచ్ఛాపురమున కలదు. అది 50 కిలోమీటర్ల పైమాట. మాయొద్ద నున్నవి మూడు యూనిట్లు. లారీలు హోరుమని పోవుచుండెను. దీపము లేదు, కూర్చుండుటకు అరుగు లేదు, మరుగుదొడ్డికి తాళము. అత్తగారికి మధుమేహము, వేళకు భోజనము పడక చెమటలు పట్టుచుండెను. పిల్లవాడు నిద్రకు ఏడ్చుచుండెను. మావారు ఒక్క మాటయు పలుకక గడియారము వంక చూచుచుండిరి. గంప మోయవలసిన మేనమామ నడిదారిలో నున్నాడన్న కబురు ఆడబిడ్డకు చెప్పుటకు మాకు నోరు రాలేదు.

మెల్లగా రహదారి దిగి దాపుననున్న పల్లెలోనికి పోయితిమి. అచ్చట జీడిపప్పు తీయు చిన్న కార్ఖానా ముందర దీపము వెలుగుచుండెను. దాని యజమానురాలు, ఏబది యేండ్లావిడ, బయటికి వచ్చి మా మాట పూర్తిగా వినకముందే, "బండికి కరెంటు కావాలేటమ్మా? కరెంటుకేటి, ఉన్నాది గదా! ముందు ఆ పెద్దమ్మని లోనికి తీసుకొచ్చీండి" అనెను. అత్తగారికి వేడి అన్నము, మజ్జిగ పెట్టెను. ఇంటిలోని ప్లగ్గునకు తగిలింపగా మా చార్జరు ఎఱ్ఱదీపము చూపి మొరాయించినది. ఎర్తు తీగ సరిగా లేని ప్లగ్గునుండి అది విద్యుత్తు తీసికొనదు. అది మన క్షేమము కొఱకు పెట్టిన కట్టుబాటు. కార్ఖానాలోని ప్లగ్గునకు ఎర్తు బాగుగానుండుటచే అచ్చట పచ్చదీపము వెలిగినది. అప్పుడు రాత్రి 8 గంటల ముప్పావు.

అట్టి ప్లగ్గునుండి గంటకు మూడు యూనిట్లే వచ్చును. మేము చీరకొంగున లెక్కలు కట్టుకొనుచు కూర్చుంటిమి. బరంపురము ఇంకను 80 కిలోమీటర్లు; నెమ్మదిగా నడచిన పండ్రెండు యూనిట్లు కావలెను; చేతిలో మూడు కలవు; మిగులు కొంత యుండవలెను. ఒంటిగంటవరకు ఆగుట తప్పదు. ఆ నాలుగు గంటలును ఆమె మాతో మేలుకొని కూర్చుండెను. ఎఱుగని వారికి ఇంత చేయుచున్నావేమమ్మా యని అత్తగారడుగగా, తిత్లీ తుపాను నాటి సంగతి చెప్పెను. 2018 అక్టోబరు 11వ తేదీన ఆ తుపాను పలాస దాపుననే తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినది. స్తంభములు కూలి పల్లెలు చీకటిలో మునిగినవి. "అప్పుడు మాకు ఎన్ని దినాలో కరెంటు నేదమ్మా. పక్కూరోళ్లు జనరేటరు కాడ మా సెల్లులన్నిటికీ చార్జింగు పెట్టనిచ్చినారు. మా పాప చెన్నైలో ఉండేది, బతికున్నామని దానికి ఆ సెల్లుతోనే చెప్పినాను" అనెను.

ఒంటిగంటకు బయలుదేరితిమి. డబ్బు తీసికొనుమనగా ఆమె ససేమిరా యనెను. అత్తగారు పెండ్లి సామానులోని రవికెగుడ్డయు, పండ్లును ఆమె చేతిలో పెట్టిరి. మేము ఆమెవద్ద రెండు కిలోల జీడిపప్పు కొంటిమి. చల్లని గాలి యంత్రము ఆపి, గంటకు 60 కిలోమీటర్లు మించక నడచి, ఇచ్ఛాపురము దాటి, రెండున్నరకు బరంపురము చేరితిమి. బండిలో ఇంకను నాలుగు యూనిట్లున్నవి. నాలుగు గంటలకు మావారు మేనకోడలిని గంపలో మోసికొని మండపమునకు పోవుచుండగా అత్తగారు కన్నుల నీరు తుడుచుకొనుట చూచితిమి.

ఇంటికి వచ్చిన పిదప ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర తీసి చదివితిమి. మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830–31లో పల్లకిలో కాశీకి పోయి, తిరిగివచ్చునప్పుడు ఈ గంజాము, శ్రీకాకుళ, విజయనగరముల త్రోవనే వచ్చినారు. ఏ మజిలీలో మంచినీళ్లు కలవు, ఎచ్చట అంగళ్లు కలవు, ఎచ్చట దిగుటకు వసతి కలదు అని ఊరూరికి వ్రాసిపెట్టినారు. మజిలీ యనగా బోయీలు అలసట తీర్చుకొను చోటు మాత్రమే కాదు, మనుష్యులు నిలువగల చోటు. పెట్రోలు బండ్లు వచ్చిన పిదప మనము దానిని మరచితిమి. కరెంటు బండి మరల జ్ఞాపకము చేయుచున్నది.

పెట్రోలు బండికిని మొదట ఈ పాట్లు తప్పలేదు. 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజి యను నామె, భర్తకు ముందుగా చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటనిడుకొని, ఆయన నిర్మించిన మోటారు బండిలో మాన్‌హైమునుండి ఫోర్ట్‌స్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా నడపుకొని పోయినది. దారిలో ఇంధనమైపోగా వీస్లోఖ్ అను ఊరిలో మందుల దుకాణమున కొని పోసినది. నాడు పెట్రోలు బంకు లేదు. మందుల దుకాణమే దిక్కు. నేడు మాకు జీడిపప్పు కార్ఖానా దిక్కైనది.

మా యనుభవమునుబట్టి చెప్పునదేమనగా: కాగితముమీది దూరములో మూడింట రెండు వంతులే రహదారికి లెక్కకట్టుకొనవలెను. నూటికి ఇరువదియైదు మిగిలియుండగనే యంత్రము చేరవలెను. అది పనిచేయకున్నను తరువాతి దానికి పోగలుగుదుము. బయలుదేరుటకు ముందు ఫోనులోని బొమ్మను నమ్మక అచ్చటి మనిషిని పలుకరించి తెలిసికొనవలెను. పెద్ద యంత్రమువద్ద నూటికి ఎనుబదివరకు నింపి కదలవలెను. ఆ పైన నిండుట, ఇరుకుమూతి చెంబులో చివరి నీళ్లు పోయుటవలె, మిక్కిలి నెమ్మది. ఇంటి చార్జరును, పెద్దలకు పెరుగన్నమును విడువక తీసికొనిపోవలెను. తిరుగుప్రయాణమున పగటివేళ రెండుచోట్ల ఆగి, 80 కిలోమీటర్ల వేగము మించక, సుఖముగా విజయనగరము చేరితిమి.

రహదారులలో ప్రతి 25 కిలోమీటర్లకు నొక చార్జింగు కేంద్రముండవలెనని 2018 డిసెంబరులోనే కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖవారు మార్గదర్శకములు వెలువరించినారు. నేడు మన త్రోవలో పెట్రోలు బంకులవద్దను, హోటళ్లవద్దను అవి వెలయుచున్నవి, సంతోషము. కాని యంత్రము నాటినంతమాత్రమున మజిలీ కాదు. పెట్రోలు పోసికొనుటకు ఐదు నిమిషములు; చార్జింగునకు ముప్పావు గంట, గంట. ఆ గంటసేపు స్త్రీలు, పసివారు, వృద్ధులు ఎచ్చట నుండవలెను? ఒక దీపము, ఒక బల్ల, త్రాగునీరు, తాళము వేయని మరుగుదొడ్డి, పిలిచిన పలుకు ఒక మనిషి—ఇవి లేనిచో ఆ దూరము మగవారికి దూరము, మనకు భయము. ఎండకాలమున చలివేంద్రములు పెట్టిన మన ఊళ్లవారు ఈ మాత్రము చేయజాలరా? అడుగవలసినవారము మనమే గనుక అడుగుదము.

మేము మాత్రము మా వీధి గోడవద్ద ఎర్తు తీగతో నొక 15 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించి, దానిపై చిన్న దీపము వేయించితిమి. ప్రక్కన నొక బల్లయు, మంచినీళ్ల కుండయు కలవు. మొన్న సాలూరు త్రోవనుండి వచ్చిన యొక కుటుంబము రెండు గంటలసేపు అచ్చట నిలిచి, మజ్జిగ త్రాగి పోయినది. డబ్బిత్తుమనిరి, అత్తగారు ససేమిరా యనిరి.