గూడు బండి

రాత్రి ఎనిమిది కావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. పక్క సైటులో జనరేటర్ మోగుతూనే ఉంది.

ఎల్లోస్టోన్‌లోని మ్యాడిసన్ క్యాంప్‌గ్రౌండ్ అది. గిబ్బన్, ఫైర్‌హోల్ నదులు కలిసి మ్యాడిసన్ నది అయ్యేది అక్కడే. సెప్టెంబరులో ఆ ఏటి ఒడ్డు పచ్చికలోకి ఎల్క్ దుప్పులు వస్తాయి. మగ ఎల్క్ పిలుపు సన్నని ఈలలా మొదలై, పైపైకి లేచి, గురకలాంటి చప్పుడుతో ఆగిపోతుంది. అంత భారీ ఒంట్లోంచి అంత సన్నటి గొంతు! అది నాకు వినిపించాలనే మా అబ్బాయి సాల్ట్‌లేక్ సిటీలో ట్రైలర్ అద్దెకు తీసుకుని, కారు వెనక తగిలించి, రోజంతా తోలుకొచ్చాడు. అవి పిలిచేది సరిగ్గా ఆ మసక వెలుతురులోనే. జనరేటర్లకు ఎనిమిది దాకా అనుమతి ఉందట. ఉంటే మాత్రం?

జనం ఎక్కువయ్యారని కాదు నా బాధ. 2021లో ఈ ఒక్క పార్కుకే 48 లక్షల పైచిలుకు సందర్శనలు. రానీ. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ దగ్గర గంటకు పైగా వందలమందితో కలిసి బల్లల మీద కూచున్నాం. వేడినీళ్లు ఒక్క ఉదుటున లేచేసరికి అందరి గొంతుల్లోంచీ ఒకటే "ఆ!" నా ఒళ్లు పులకరించింది. హేడెన్ లోయలో అడవిదున్నలు రోడ్డుకు అడ్డంగా నిలబడితే బండ్లన్నీ బారులు తీరాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. అలాంటి జనంలో ఎంతసేపైనా ఉంటాను.

నా కోపమల్లా అడవిదాకా వచ్చి తలుపు వేసుకునేవాళ్ల మీద. పక్క ట్రైలర్‌వాళ్లు అయిదింటికే లోపలికి వెళ్లిపోయారు. కిటికీలో టీవీ నీలివెలుగు. మళ్లీ బయటికి రాలేదు.

మా చిన్నప్పటి గూడు బండిలో ఎవరు కూచున్నారు గనక? శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు తాతయ్య బండి కట్టేవాడు. అడుగున వరిగడ్డి, పైన జంపఖానా, మూలన పులిహోర డబ్బా. కొండ కింద పొలాల్లో కాడి దించగానే బండి చంటిపిల్లలకూ సామాన్లకూ వదిలేసి, మిగతా అందరం నేల మీదే. పక్క బండివాళ్లు నిప్పు కోసం వచ్చి, అమ్మమ్మతో ఏదో చుట్టరికం కలుపుకుని, అరిసెలు పెట్టి వెళ్లేవాళ్లు. ప్రభలు వచ్చేవి, తాటిచెట్లను మించిన ఎత్తు, ఒళ్లంతా దీపాలు. వాటి వెనకా జనరేటర్ మోగేది, నిజమే. కానీ ఆ వెలుగు పొలమంతా పడేది. అమ్మమ్మ ముక్కుపుడక మీద పడేది, ఎడ్ల కళ్లలో పడేది.

ఒంగోలు ఎడ్లు అవి. దాపటిది నెమ్మదైనది కాదు. తాతయ్య వచ్చి గంగడోలు నిమిరితే తప్ప పడుకునేది కాదు. వలపటిది ఎక్కడ కాడి దించితే అక్కడే నెమరు వేస్తూ కూలబడేది. మర్నాటి రాత్రి తిరుగు ప్రయాణంలో తాతయ్య కూడా కునుకు తీసేవాడు. పగ్గాలు ఒళ్లో వదులుగా పడి ఉండేవి. అయినా మా డొంక రాగానే ఎడ్లు వాటంతటవే తిరిగేవి. ఆ మలుపులో చక్రం ఒక రాయెక్కి దిగేది. ఆ కుదుపుకి నాకు మెలకువ వచ్చేది. చీకట్లో అమ్మమ్మ చెయ్యి నా తల మీద ఉండేది. "వచ్చేశాంలే, పడుకో" అనేది.