తమ్ముడి వేప్, మా ఇంటి లెక్క

తమ్ముడు వీడియోకాల్‌లో రెండు పెట్టెలు చూపించి, "అక్కా, వీటిల్లో ఏది దీసుకోమంటావ్?" అన్నాడు. చీర రంగు అడిగినంత మామూలుగా అడిగాడు. కుక్కర్లు, మిక్సీలు ఎంచినదాన్నే గానీ, నలభై దాటాక వేప్ ఎంచాల్సి వస్తుందని అనుకోలేదు. బి.ఏ. తెలుగులో నాకు గణాలు చెప్పారు, ఓల్టేజి ఎవరు చెప్పారు?

మా రాజంపేటలో పరదేశం అంటే కువైట్. మావాడు మాత్రం ఇంగ్లండు పోయాడు. గోడౌన్‌లో రాత్రి డ్యూటీ. సిగరెట్ ఎప్పుడు పట్టాడో ఇప్పటికీ చెప్పడు. మా నాయన బీడీలు తాగి తాగి ఊపిరాడక పోయిన మనిషి. ఆఖరి ఏడాది పడుకోలేక, ఒళ్ళో దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఫోన్లో తమ్ముడు దగ్గితే నాకు ఆ దిండే కనబడుతుంది.

మధ్యలో ఒకసారి వాడు మానేశాడు, వాడి పారేసే వేప్‌లతో. 2025 జూన్ 1 నుంచి అక్కడ వాటి అమ్మకం నిషేధించారు. మళ్ళీ సిగరెట్టే. ఇరవై సిగరెట్ల పెట్టె పదిహేను పౌండ్ల పైమాటే. ఇక్కడ ఇంటి అప్పు కంతులు కట్టేదీ వాడే. అందుకే "ముప్పై పౌండ్లు దాటకూడదక్కా" అన్నాడు.

పిల్లలున్న ఇల్లు కదా, ఒక మాట ముందే చెప్తున్నా. సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్ళకు వేప్ సాయపడుతుందని అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. సిగరెట్ కంటే హాని తక్కువ, అసలు లేకపోలేదు, అలవాటు లేనివాళ్ళు ముట్టుకోవద్దు అని కూడా చెబుతుంది.

మొదటి పెట్టెలోదానికి తెర, రంగు దీపాలు. బ్యాటరీలు, చార్జర్ విడిగా కొనాలి. రెండోది లావుపాటి పెన్నులా ఉంది. అడుగున చక్రం తిప్పితే 3.3 నుంచి 4.8 ఓల్టుల దాకా మారుతుంది. ట్యాంకుతో కలిపి ఇరవై రెండు పౌండ్లు. ఎం.పి.సి. చదివే మా పెద్దోణ్ణి పిలిచాను. ఓల్టేజిని ఓల్టేజితోనే హెచ్చవేసి కాయిల్ ఓములతో భాగిస్తే వాట్లు వస్తాయంట. 1.8 ఓముల కాయిల్‌కు 3.7 ఓల్టులు పెడితే 7.6 వాట్లు, 4.8 పెడితే 12.8. "చక్రం కొంచెం తిప్పినా వేడి చానా పెరుగుతాది మా" అన్నాడు. ఓస్, స్టవ్ మీద సిమ్మే కదా! మంట చాలకపోతే తిరగమాత పచ్చి వాసన, ఎక్కువైతే మాడు వాసన. కాయిల్ మీద ఎన్ని వాట్లు తట్టుకుంటుందో రాసే ఉంటుంది. తక్కువలో మొదలుపెట్టి, చాలకపోతే కొంచెం కొంచెం పెంచమన్నాను.

తర్వాత నా ప్రశ్నలు నేనడిగాను. కాయిల్ ఎన్నాళ్ళొస్తుంది, అయిదింటి పెట్టె ఎంత, మీ వీధి అంగట్లో దొరుకుతుందా? ఒకటి రెండు వారాలకోసారి మార్చాలంట. మిక్సీ చవగ్గా వచ్చి జార్ దొరక్కపోతే ఏం లాభం? అందుకే ముందు ట్యాంకు ఎంచమన్నా, ఆ తర్వాతే బ్యాటరీ. అక్కడ చట్టం ప్రకారం ట్యాంకు 2 మిల్లీలీటర్లు మించదు కాబట్టి పెద్దది కావాలన్న గొడవ లేదు. పైనుంచి పోసుకునేదైతే చేతికి జిడ్డు తక్కువ. పెన్నే కొన్నాడు.

కొత్త కాయిల్ దూది మీద నాలుగు చుక్కలేసి, ట్యాంకు నింపి పది నిమిషాలు నాననివ్వాలని అంగడాయన చెప్పాడంట. మావాడు ఆగితేనా! మొదటి కాయిల్ ఆ పూటే మాడ్చాడు. పైగా నికోటిన్ తక్కువున్న ద్రవం కొని, అది చాలక మూడోరోజు సిగరెట్ వెలిగించాడు. అక్కడ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా అమ్మనిస్తారు. బలం పెంచుకున్నాక కుదురుకున్నాడు.

అంతా బాగుందనుకుంటే, "వచ్చేటప్పుడు బావకూ ఒకటి తెస్తా" అన్నాడు. వద్దు నాయనా అన్నాను. మన దేశంలో 2019లోనే వీటిని నిషేధించారు. అమ్మడమే కాదు, బయటినుంచి తేవడమూ నేరమే. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మా ఆయన పక్కనే ఉండి వింటున్నాడు. "నీ తమ్మునికైతే ఓల్టులూ ఓములూ లెక్కలేసినావు. నన్ను మానమని ఒక్కసారన్నా అడిగినావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు అన్నం సహించలేదు. అడగలేదు, నిజమే. పెళ్ళైన కొత్తలో రెండుసార్లు అడిగి ఊరుకున్నాను. చొక్కాలు నానబెట్టేముందు జేబులోంచి పెట్టె తీసి కిటికీలో పెట్టడం, అంతే. ఇరవై ఏళ్ళుగా ఆ దగ్గుకు అలవాటు పడిపోయాను.

మర్నాడు ఆ పెట్టెను తిప్పి చూశాను. మానాలనుకునేవాళ్ళు ఫోన్ చేయడానికి దాని మీదే నెంబరుంది, 1800-11-2356. డబ్బులు పడవు. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ అడిగితే చీటీ లేకుండానే ఇచ్చారు. వక్కలా నమిలేయకూడదు, కాస్త నమిలి బుగ్గన పెట్టుకోవాలి. "కారంగా ఉంది" అని మొహం పెట్టాడు గానీ ఉమ్మెయ్యలేదు.

ఫోన్ మాత్రం ఇంకా చేయలేదు. ఆ అట్టముక్క కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించాను. నిన్న తమ్ముడు మాట్లాడాడు. చక్రం 3.7 దగ్గరే ఉందంట. అరగంట మాట్లాడితే ఒక్కసారే దగ్గాడు. లెక్కపెట్టాను.