టేకు, చిలుక

జూన్ 21, 2022
కంబోడియా నుంచి వార్త. ఈ నెల 13న స్టుంగ్ ట్రెంగ్ దగ్గర మెకాంగ్ నదిలో ఒక టేకు చేప దొరికింది. 300 కిలోలు! మూతి నుంచి తోక చివరిదాకా దాదాపు 4 మీటర్లు. ఇంతవరకూ తూకం రాసిపెట్టిన మంచినీటి చేపల్లో ఇదే పెద్దది. 2005లో థాయ్‌లాండ్‌లో పడ్డ 293 కిలోల జెల్లను దాటేసింది.

జూన్ 22
టేకు అంటే నాకు కాకినాడ రేవే. గంపలో చాటంత చేప, తోక ఉండదు. ముల్లు విషమని ముందే కోసేస్తారు. మెకాంగ్ టేకు ముల్లు జానన్నర దాకా పెరుగుతుందట.

జూన్ 26, మారేడుమిల్లి
పొద్దున్నే వేలాడే చిలుక కనబడింది. పిచ్చుకంత పిట్ట, ఒళ్లంతా ఆకుపచ్చ, నడుం మీద ఎరుపు. కొమ్మల్లో ఆకనుకుని వదిలేసేవాణ్ణే. రాత్రిళ్లు గబ్బిలంలా తలకిందులుగా వేలాడి నిద్రపోతుంది. ఈ జాతి మన తూర్పు కనుమల్లోనూ ఉంది, కంబోడియా అడవుల్లోనూ ఉంది. అంటే ఆ టేకుకు పొరుగుదే.

అదే రాత్రి
చిలుక సుమారు 30 గ్రాములు. ఒక్క టేకుకు పదివేల చిలుకలు. లెక్క కుదిరింది గానీ తృప్తినివ్వలేదు. బరువు పక్కన పెడితే ఇంకెన్నో ఉన్నాయి. అంత టేకు ఒంట్లో ఒక్క ఎముకా లేదు, అంతా మృదులాస్థే. నోరు పొట్టకింద బురదకు ఆనుకుని ఉంటుంది కాబట్టి కళ్ల వెనకున్న రంధ్రాలతో నీళ్లు పీల్చుకుంటుంది. పిల్లల్ని కడుపులోనే పాలలాంటి ద్రవంతో పెంచి కంటుంది. చిలుక తల్లి ఆకుల్ని పీలికలుగా కత్తిరించి, ఈకల్లో దోపుకుని చెట్టు తొర్రకు మోసుకుపోతుంది. ఒకరు పిల్లల్ని మోస్తే ఒకరు పొత్తిళ్లు మోస్తున్నారు.

జూన్ 27
జీలుగు కల్లు గీసే తాత చెప్పాడు: "చిన్న చిలకలు బాబూ, ముంతలో ముక్కు పెట్టి తాగేత్తాయి. ఎగరలేక కింద పడితే తీసి కొమ్మ మీద పెడతాను. పిల్లులు తినేత్తాయి కదా."
ఆ అరచేయి చాలాసేపు చూశాను.

జూన్ 29
మళ్లీ మెకాంగ్ వార్త చదివాను. పట్టిన జాలరికి బజారు ధర కట్టి ఇచ్చారు. టేకు కదలికలు తెలిసేలా తోక దగ్గర చిన్న పరికరం అమర్చారు. బోరామీ అని పేరు పెట్టారు, ఖ్మేర్ భాషలో పున్నమి అని. 14 సాయంత్రం మళ్లీ నదిలోకి వదిలారు. ఆ రోజు పున్నమే.